మందు కోటేష్ సబ్బు కోటేష్ అయిన సంగతి

బూర్గంపాడు పక్క తండాలో కోటేష్‌లు ముగ్గురు ఉండేవాళ్లు. ఒకడు పొట్టి కోటేష్, ఒకడు కరెంటు కోటేష్, మూడోవాడు మందు కోటేష్. ఈ కథ మూడోవాడిది. వాడికి ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే తండాలో రెండు జవాబులు చెప్పేవాళ్లు. రెండూ నిజమే. పగలు పత్తి చేలల్లో పురుగుల మందు కొట్టేవాడు, పొద్దుగూకితే రెండో మందు కొట్టేవాడు. "కోటేష్ ఏడమ్మా?" అని ఎవరైనా వస్తే, "మందు కొడుతుండు" అని అతని భార్య ద్వాలి చెప్పేది. ఏ మందో వచ్చినవాడే సూర్యుణ్ణి చూసుకుని తేల్చుకోవాలి.

నాకీ వివరాలన్నీ ఎట్లా తెలుసంటే, బస్టాండు దగ్గర మాకో టిఫిన్ హోటల్ ఉంది. కోటేష్ మా దగ్గరే చాయ్ తాగేవాడు. అతన్ని పనికి పిలిచే రైతు వెంకటరామారావుగారూ మా దగ్గరే ఇడ్లీ తినేవాడు. కాబట్టి ఇద్దరి వాదనలూ విన్నాను. ఇద్దరూ కొంత అబద్ధం కలిపే చెప్పారు. అది తీసేయగా మిగిలింది ఇది.

మందు కొట్టడంలో కోటేష్‌ను మించినవాడు మా మండలంలో లేడు. అది అతని మాటే గానీ ఎవరూ కాదనలేదు. పంపు వీపుకి తగిలించుకుని ఒక్క చేత్తో పిడి ఆడిస్తూ, ఇంకో చేత్తో గొట్టం తిప్పుతూ సాలు వెంట నడిస్తే ఒక్క ఆకు కూడా పొడిగా మిగిలేది కాదు. చొక్కా వేసుకునేవాడు కాదు. ఎందుకంటే చొక్కా ఖరాబవుతుందట. బకెట్లో మందు కలపడానికి కర్ర వెతుక్కోవడం నామోషీ, చెయ్యి పెట్టి తిప్పేవాడు. నాజిల్‌కి చెత్త అడ్డం పడితే నోట్లో పెట్టుకుని పిల్లనగ్రోవిలాగా ఊదేవాడు. తర్వాత అదే చేత్తో బీడీ వెలిగించుకునేవాడు.

"నా ఒంటికి మందు అలవాటైపోయిందన్నా. దోమ కుట్టినా దోమే సచ్చిపోతది," అనేవాడు చాయ్ ఊదుకుంటూ.

ఒకసారి మందుల కంపెనీవాళ్లు మండలంలో రైతుల మీటింగు పెట్టారు. మందు కలిపిన బకెట్లో కోటేష్ మోచేతి దాకా చెయ్యి ముంచి, అందరికీ చూపించి, బహుమానంగా ఒక టోపీ తెచ్చుకున్నాడు. ఆ టోపీ పెట్టుకుని మేనమామ కూతురి పెళ్లికి కూడా పోయాడు.

మందుల్లో ఏది బలమైందో, ఏది కాదో తేల్చడానికి అతనికి సొంత శాస్త్రం ఒకటి ఉండేది. ముక్కు బద్దలయ్యేలా కంపు కొడితే అది గట్టి మందు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లగా విరిగితే అది ఇంకా గట్టి మందు. ఈ లెక్కన మోనోక్రోటోఫాస్ అనే మందు అతని దృష్టిలో ఒట్టి అమాయకురాలు. రైతులు దాన్ని 'మోనో' అంటారు. బెల్లం పాకం రంగులో ఉంటుంది. నీళ్లలో పోస్తే చక్కెర కరిగినట్టు కరిగిపోతుంది, పోసిన జాడే కనిపించదు. వాసన ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు.

"గిది ఆవు లాంటి మందు. పొడవదు, తన్నదు," అనేవాడు కోటేష్.

సీసా కింది భాగంలో ఎర్ర ముద్ర, దాని పైన పుర్రె బొమ్మ ఉండేవి. "గా పుర్రె పురుగులకు," అనేవాడు.

రెండువేల నాలుగు వానాకాలం. పత్తికి పురుగు విపరీతంగా పట్టింది. ఒక వాన పడి, రెండు రోజులు ఎండ కాసి, మళ్లీ ఉక్కపోసే రోజులు. వెంకటరామారావుగారి చేను గోదావరి రేవుకి ఇవతల గట్టు మీద ఉండేది. ఆయన వాళ్ల నాన్న కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఎన్నేళ్లున్నా ఆయన మాటకు మాత్రం ఇక్కడి నీళ్లు పట్టలేదు.

ఆ రోజు పంపు కారుతోంది. లోపల వాషరు అరిగిపోయింది. నడుస్తుంటే మందు నీళ్లు కోటేష్ వీపు మీదుగా జారి, లుంగీ తడిపి, పిక్కల దాకా వచ్చాయి.

"అయ్యా, వాషర్ పోయింది. కొత్తది ఏపియ్యిండ్రి," అన్నాడు కోటేష్.

"ఈ ఒక్క పూటకీ కానివ్వరా. రేపు బజారుకెళ్లినప్పుడు తెస్తాలే. చల్లగానే ఉందిగా వీపుకి?" అన్నాడాయన.

నిజంగానే చల్లగా ఉంది. ఉక్కలో ఆ చల్లదనం హాయిగా కూడా ఉంది. కోటేష్ కానిచ్చాడు.

మధ్యాహ్నం అయ్యేసరికి అతనికి చేను మసకబారింది. మబ్బు పట్టిందేమోనని తల ఎత్తాడు, ఎండ మండుతోంది. నోట్లో నీళ్లు ఊరడం మొదలైంది. ఉమ్మేస్తే మళ్లీ ఊరింది. కళ్లలోంచి నీళ్లు, ముక్కులోంచి నీళ్లు, ఒంటినిండా చెమట. తొడ మీద కండ దానంతట అదే ఎగురుతుంటే కప్ప ఎక్కిందనుకుని చేత్తో కొట్టాడు. తర్వాత కడుపు మెలిపెట్టింది. పక్క చేలో కలుపు తీస్తున్న ద్వాలికి పంపు చప్పుడు ఆగడం వినిపించింది. కాసేపు చూసి, "బీడీ తాగుతున్నడు" అనుకుంది. ఇంకా కాసేపైనా చప్పుడు మొదలవకపోతే లేచి వచ్చింది. సాళ్ల మధ్య బోర్లా పడి, వాంతులో మొహం పెట్టి ఉన్నాడు.

ఆమె కేకలకు కూలీలు పరుగెత్తుకొచ్చారు. రావుగారి ట్రాక్టరు మీద వేసుకుని ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ తుల్సీరాం దగ్గరికి తీసుకుపోయారు. తుల్సీరాం చెడ్డవాడు కాదు. జ్వరానికి సూది, నొప్పికి సూది, నీరసానికి ఇంకో సూది. అంతవరకు ఊరు అతని మీద నమ్మకంతోనే నడిచింది.

"ఏమైందమ్మా?" అన్నాడు తుల్సీరాం.

"మందు కొట్టిండు సారూ," అంది ద్వాలి ఏడుస్తూ.

తుల్సీరాం నుదురు కొట్టుకున్నాడు. "పట్టపగలు గిదేం పని? పొద్దున్నుంచే మొదలువెట్టిండా? మీ తండావోళ్లకు ఎన్నిసార్లు చెప్పాలె?"

"పొద్దటి సంది కొడ్తనే ఉన్నడు సారూ! అయ్యగారే కొట్టమన్నడు!"

"రావుగారే తాగమన్నడా?" తుల్సీరాం ఆశ్చర్యపోయాడు. కోటేష్ మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాడు. సారా వాసన లేదు. "ఖరీదైన సరుకు లెక్కుంది. గవి వాసన రావు," అన్నాడు. నిమ్మకాయ నీళ్లు పట్టించమని చెప్పి, ఒక సెలైను ఎక్కించి, తాగుడు వల్ల కాలేయానికి జరిగే నష్టం గురించి స్పృహ లేని మనిషికి వివరించసాగాడు.

ద్వాలికి కంగారులో తెలుగు పోయి లంబాడీ భాష వచ్చేసింది. ఆమె ఏం చెబుతోందో తుల్సీరాంకి అర్థం కాలేదు. చివరికి ఆమె బయటికి పరుగెత్తి, ట్రాక్టర్ తొట్టిలో పడేసిన కారే పంపును ఈడ్చుకొచ్చి అతని బల్ల మీద పెట్టింది.

"గీ మందు! గీ మందు కొట్టిండు!"

అదే సమయానికి కోటేష్ నోట్లోంచి నురగ వచ్చింది. తుల్సీరాం సూదులు వదిలేసి బయటికి పరుగెత్తాడు. అప్పటికి మా వైపు నూట ఎనిమిది బండ్లు రాలేదు. రోడ్డు మీద పోతున్న ట్రాక్స్ జీపుకి అడ్డంగా నిలబడి ఆపాడు. అందులో భద్రాచలం దర్శనానికి పోయే కుటుంబం ఒకటి ఉంది. "దేవుడు యాడికీ పోడు, మీరు జరుగుండ్రి," అని వాళ్లను ఒక మూలకు జరిపి, కోటేష్‌ను ఎక్కించి తనూ ఎక్కాడు. సారపాక దాటి, గోదావరి బ్రిడ్జి దాటి పెద్ద దవాఖానా చేరేదాకా కోటేష్‌ను పక్కకు ఒత్తిగిలించి పట్టుకుని, నోట్లో ఊరేది తుడుస్తూనే ఉన్నాడట. ఆ ఒక్క పని సరిగ్గా చేశాడని తర్వాత డాక్టరమ్మే చెప్పింది.

ఆ డాక్టరమ్మ పేరు పద్మప్రియ. ఖమ్మం పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఈసారి ఎవరూ "మందు కొట్టిండు" అనలేదు. తుల్సీరాం ముందే "పురుగుల మందు మేడం, మోనో, తాగలే, ఒంటి మీద కారింది," అని గడగడా చెప్పేశాడు. ఆమె టార్చి వేసి కళ్లు చూసింది. కనుపాప ఆవగింజంత అయిపోయి ఉంది.

"ముందు ఆ లుంగీ తీసెయ్యండి. ఒళ్లంతా సబ్బుతో కడగండి. గ్లౌజులు వేసుకోండి, మీకూ అంటుతుంది," అంది వార్డు బాయ్‌తో. ఒక పక్క స్నానం, ఇంకో పక్క అట్రోపిన్ సూదులు. ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉన్నాయి. నోరు ఎండేదాకా, గుండె వేగం పుంజుకునేదాకా, ఊపిరితిత్తుల్లో గురగుర ఆగేదాకా. అన్ని సూదులు ఒకే మనిషికి పడటం తుల్సీరాం జన్మలో చూడలేదు. గౌరవంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కోటేష్ బతికాడు. అయితే ఆ విరుగుడుకి కూడా తిక్క ఉంది. ఎక్కువ పడితే మనిషికి మతి చలిస్తుంది, లేనివి కనిపిస్తాయి. మర్నాడు పొద్దున కోటేష్ మంచం మీద లేచి కూర్చున్నాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, పెదవులు ఎండిపోయాయి, ఇప్పుడు కనుపాపలు రూపాయి బిళ్లల్లా ఉన్నాయి. వార్డంతా అతనికి పత్తి చేనులా కనిపించింది. ఎడమ చేత్తో లేని పిడి ఆడిస్తూ, కుడి చేత్తో లేని గొట్టం పట్టుకుని మంచం మంచానికీ కొట్టడం మొదలుపెట్టాడు.

"జరుగు పెద్దమ్మా, నీ నెత్తి మీద పచ్చపురుగు ఉంది. కండ్లు మూసుకో," అన్నాడు పక్క మంచం ముసలమ్మతో. ఆమె నిజంగానే కళ్లు మూసుకుంది. నర్సుకూ కొట్టాడు. సెలైన్ స్టాండుకు రెండుసార్లు కొట్టాడు, దానికి పేనుబంక పట్టిందట. మధ్యమధ్యలో "యాడీ, యాడీ" అని వాళ్లమ్మను పిలిచాడు. ఆమె పోయి పదేళ్లు.

సరిగ్గా అప్పుడే వెంకటరామారావుగారు పండ్ల సంచి పట్టుకుని లోపలికి వచ్చాడు. పాపం భయపడే వచ్చాడు. కోటేష్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. మీసం దగ్గర చూపు ఆగింది.

"అమ్మో! ద్వాలీ, గీ పురుగు చూడే, ఎంత బలిసిందో! చేనంతా గిదే తిన్నది!"

"కోటేషూ, నేన్రా," అన్నాడు రావుగారు.

"మాట్లాడుతుంది కూడా! మూడు సాళ్ల మందు కొట్టినా సావలే చూడు. గిది మోనోకు సావదు, చెప్పుతో కొడ్తే సస్తది." అని నిజంగానే చెప్పు కోసం మంచం కింద వెతికాడు.

వార్డంతా నవ్వింది. కళ్లు మూసుకున్న ముసలమ్మ ఒక కన్ను తెరిచి నవ్వింది. నవ్వనిది ద్వాలి ఒక్కతే. ఆమె లేచి రావుగారి ఎదురుగా నిలబడింది. "ఆయనకు సోయి లేక అన్నడయ్యా. నేను సోయిలో ఉండి అడుగుతున్న. వాషరు ఎందుకు ఏపియ్యలే?"

 రావుగారు పండ్ల సంచి స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. దవాఖానాలో అయిన ఖర్చు అడగకుండానే ఇచ్చాడు. ఆ వార్డు ముచ్చట మాత్రం ఆయన ఇల్లు చేరేలోపే బ్రిడ్జి దాటి బూర్గంపాడు వచ్చేసింది. మా హోటల్లో కుర్రాళ్లు ఆయన్ని చూసినప్పుడల్లా మీసాలు తడుముకునేవాళ్లు.

మతి కుదుటపడ్డాక డాక్టరమ్మ కోటేష్‌కు అంతా విడమరిచి చెప్పింది. వాసన లేనంత మాత్రాన విషం లేనట్టు కాదంది. అది నీళ్లలో ఎంత తేలిగ్గా కలుస్తుందో చర్మంలోంచి కూడా అంత తేలిగ్గా దిగుతుంది, చెమట పట్టిన ఒంట్లోకి ఇంకా తొందరగా పోతుంది. తొందరగా ఆవిరైపోదు, బట్టకు పట్టి ఉండిపోతుంది, అదే లుంగీ మర్నాడు కట్టుకుంటే మళ్లీ ఒంట్లోకి ఎక్కుతుంది. "అలవాటు పడటం అనేది లేదు. ఒంట్లో ఒక సరుకు ఉంటుంది, నరాల్ని అదుపులో పెట్టేది. కొట్టిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం అయిపోతూ వచ్చింది. నువ్వు అలవాటనుకున్నావు. ఇక జీవితంలో మందు ముట్టుకోకు," అంది.

ఇంటికొచ్చాక ఆ చివరి మాట మీద పెద్ద పంచాయితీ నడిచింది. "డాక్టరమ్మ మందు బంద్ అన్నది," అని ద్వాలి సాయంత్రం సీసా పారబోసింది.

"గామె చెప్పింది పురుగుల మందు సంగతి!"

"మందు అన్నది. ఏ మందో చెప్పలే. అంటే అన్నీ."

కోటేష్ ఓడిపోదలుచుకోలేదు. తర్వాతి చెకప్‌కి పోయినప్పుడు చేతులు కట్టుకుని నిలబడి, "మేడం, మీరు బంద్ చెయ్యమన్నది ఏ మందు?" అని అడిగాడు. డాక్టరమ్మ ద్వాలి మొహం చూసింది. "రెండూ," అంది. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ కోటేష్ కిటికీలోంచి గోదావరినే చూశాడు.

ఆ ఏడాది అతను బరువు పని చేయలేకపోయాడు. మోకాళ్లలో సత్తువ లేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం సాసర్లో పడేది. ద్వాలి రెండు కూలీలు చేసి ఇల్లు నడిపింది. ఖాళీగా కూర్చున్న మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి కదా, కోటేష్‌కు సబ్బు పిచ్చి పట్టింది. జేబులో సబ్బు ముక్క పెట్టుకుని చేను చేనుకూ తిరిగేవాడు. మందు కొట్టేవాళ్ల వెంటపడి, "చొక్కా ఏసుకోరా! గాలికి ఎదురు కొట్టకురా! నాజిల్ ఊదకురా, పుల్ల పెట్టి తియ్యి! చేతులు కడుక్కోకుంట బీడీ ముట్టుకోకు!" అని ప్రాణం తీసేవాడు. ఒకప్పుడు అతన్ని చూసే చొక్కా విప్పిన కుర్రాళ్లు ఇప్పుడు అతను కనిపిస్తే సాళ్లలో దాక్కునేవాళ్లు. మందు కోటేష్ పోయి సబ్బు కోటేష్ వచ్చాడు. అతి కూడా చేశాడనుకోండి. తేలు కుడితే సబ్బు, దద్దుర్లకు సబ్బు, ఒకసారి పంటి నొప్పికి కూడా సబ్బే చెప్పాడు. కానీ తండావాళ్లు కోటేష్ నోట్లో నురగ కళ్లారా చూసినవాళ్లు. మెల్లగా చెవికెక్కింది. మరుసటి ఏడు పత్తికి మందు కొట్టాల్సిన వేళకి తండా అంతా ఒక్క మాట మీద నిలబడింది. కారే పంపుతో కొట్టం. చేను గట్టున డ్రమ్ము నిండా నీళ్లు, సబ్బు ఉండాలి. నిండు చేతుల చొక్కాలు రైతే ఇవ్వాలి. ఎండ ముదిరితే పని ఆపేస్తాం.

"ఏంట్రా, పెళ్లివారి మర్యాదలా?" అన్నాడు వెంకటరామారావుగారు. "పన్నీరు కూడా చల్లమంటారా? పోండి. నా చేనుకి నేనే కొట్టుకుంటాను. మీసాలున్న పురుగుని కదా!"

ఆ వార్డు మాట ఆయనలో అప్పటిదాకా మండుతూనే ఉందన్నమాట.

అన్నట్టే కొట్టుకున్నాడు. బనీను, లుంగీ, తలకి తువ్వాలు. మనిషి భారీ మనిషి, యాభై దాటినవాడు, పంపు ఎత్తి పాతికేళ్లయింది. సీసా మీద చెప్పినదానికి మూడింతలు పోశాడు, పురుగు మీద కోపమో తండా మీద కోపమో. కూలీ ఆడవాళ్లు పక్క చేలో కలుపు తీస్తూ వంచిన నడుములు ఎత్తి ఈ వినోదం చూస్తున్నారు. కోటేష్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రెండు సాళ్లు అయ్యాయో లేదో నాజిల్‌కి చెత్త అడ్డం పడింది. రావుగారు దాన్ని చూడటానికి ముందుకు వంగాడు. పంపు మూత సరిగ్గా బిగించలేదు. ఉన్న మందంతా మెడ మీదుగా, తల మీదుగా, మొహం మీదుగా ఒక్కసారి బళ్లున పడింది.

కోటేష్ లేచి పరుగెత్తిన పరుగు చూసి ద్వాలి ఆశ్చర్యపోయింది. నిరుడు గుడిసె మెట్టెక్కడానికి గోడ పట్టుకున్న మనిషి.

"ఇప్పుండ్రి! బట్టలిప్పుండ్రి!"

"ఆడవాళ్లున్నార్రా! ఇంటికెళ్లి మార్చుకుంటాను!"

"ఇంటికి పోయేలోపు ఒంట్లకు దిగుతది!" కోటేష్ చేతులకు ప్లాస్టిక్ మైకా సంచులు తొడుక్కుని పంపు లాగేశాడు, బనీను చింపేశాడు, లుంగీ పట్టి గుంజాడు. రావుగారు చారల డ్రాయరుతో బోరు మోటారు వైపు పరుగెత్తక తప్పలేదు, వెనక నుంచి కోటేష్ తోస్తున్నాడు. గొట్టం కింద కూర్చోబెట్టి కళ్లు కడిగి, జేబులోని సబ్బు తీసి మొదలుపెట్టాడు. తల, చెవుల వెనక, మెడ, వీపు, చంకలు. గట్టున దొరికిన కొబ్బరి పీచు కూడా అందుకున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒకామె, "కోటేషన్నా, మీసాలు కూడా తోము, గక్కడ్నే పురుగుండేది!" అని అరిచింది.

"ఒరేయ్, నా పరువు పోతోందిరా!"

"కూసోండ్రి. పరువు మల్ల తెచ్చుకోవచ్చు."

డ్రాయరు కూడా విప్పించి ద్వాలి పాత చీర చుట్టి, రోడ్డు మీద పోతున్న జీపు ఆపి ఎక్కించారు. దారిలో రావుగారికి వాంతి అయింది, కళ్లు మసకబారాయి. అప్పుడు మాత్రం ఆయన కోటేష్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బ్రిడ్జి మీద, "నేను పోతానంట్రా?" అని అడిగాడట. "సబ్బు బాగనే పట్టిన. పోరు," అన్నాడు కోటేష్.

పోలేదు. కొన్ని సూదులతో బయటపడ్డాడు. వెంటనే కడగడమే మేలు చేసిందని పద్మప్రియ డాక్టరమ్మ అంది. ఆ తర్వాత ఆయన వీపు మీది గీతలు చూసి, కోటేష్‌ను పిలిచి చీవాట్లు పెట్టింది. "పీచుతో తోముతావా? చర్మం గీసుకుపోతే విషం ఇంకా లోపలికి పోతుంది. మెత్తగా కడగాలి. ఇంకెవరికీ పీచు వాడకు." కోటేష్ తల వంచుకుని విన్నాడు. పక్కనే మంచం మీద రావుగారు, "అడగండి డాక్టరుగారూ, వాడికి నా మీద ఏం పగో అడగండి," అన్నాడు.

ఆయన కృతజ్ఞత చెప్పలేదు. ఆ వంశంలో ఆ అలవాటు లేదని ఆయన భార్య సుశీలమ్మే అనేది. కానీ వారం తిరగకుండా చేను గట్టున నీలం డ్రమ్ము వచ్చింది. దాని మీద సబ్బు బిళ్ల. అంగట్లో దొరికే అన్నింటికన్నా చవకది. పంపుకి కొత్త వాషరు. చొక్కాలు మాత్రం ఆయన కొడుకులు వదిలేసిన కాలేజీ చొక్కాలు. ఆ ఏడు తండా మగాళ్లు గుండెల మీద ఇంగ్లీషు అక్షరాలతో మందు కొట్టారు.

కోటేష్ మళ్లీ పంపు ఎత్తలేదు. కొన్నాళ్లకు ద్వాలి అన్న దగ్గర పాత ఆటో తీసుకుని బూర్గంపాడు, సారపాకల మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. చేతుల వణుకు పూర్తిగా పోలేదు గానీ హ్యాండిల్ పట్టుకుంటే ఆటో వణుకులో అది కలిసిపోతుందంటాడు. అతని ఆటోకి ఒకే షరతు. బియ్యం, కూరగాయలు, పసిపిల్లలు ఎక్కిన బండిలో మందు సీసా ఎక్కకూడదు. ఈ మధ్య మా హోటల్ ముందే ఒక రైతు సంచీలో ఉల్లిగడ్డల కింద సీసా దాచి ఎక్కాడు. కోటేష్ బండి ఆపి, వాసన చూడకుండానే, "దిగు," అన్నాడు.

"ఎట్ల కనిపెట్టినవ్?" అన్నాడు ఆ రైతు.

"నువ్వు సంచిని ఒళ్లో పెట్టుకోకుంట దూరం పెట్టినవ్. నీకే భయమున్నది. ఇగ నాకుండదా?"

రైతు తిట్టుకుంటూ దిగి వేరే ఆటో ఎక్కాడు. ద్వాలి అప్పుడే మా దగ్గర ఇడ్లీ పొట్లం కట్టించుకుంటోంది. "గిట్లయితే బేరం నడిచినట్టే," అని గొణిగి, పొట్లం తీసుకుని పోయి ఆటోలో వెనక సీటు మధ్యలో కూర్చుంది. కోటేష్ కిరాయి అడిగాడు. ఆమె ఇవ్వలేదు.